పెళ్లి పరుపులో గింజ

మౌలాలి మాట తక్కువ మనిషి. ఆయన బదులు ఆయన విల్లు మాట్లాడేది. పొద్దున్నే ఆదోని సందుల్లో నారి మీద గూటం దెబ్బ పడి 'టంయ్' మందంటే చాలు, పాత పరుపులు ఇళ్లలోంచి వాటంతటవే నడిచొచ్చేవి. వెనకాల పీరమ్మ గంప నెత్తిన పెట్టుకుని, "దూది ఏకుతాం, పరుపులు కుడతాం, మెత్తలు కుడతాం" అని కేకేసేది. "మా ఆయనకు దేవుడు నోరియ్యలేదు. ఆ నోరు కూడా నాకే ఇచ్చినాడు" అని నవ్వేది.

ఇప్పుడు ఆ సందుల నిండా ఫోమ్ పరుపులు. విల్లు గోడకెక్కి పదేళ్లయింది. పీరమ్మ మట్టిలో కలిసి ఇరవై రెండేళ్లయింది.

ఆ విల్లును గోడ మీంచి దింపించింది మనవరాలు షమీమ్. కూతురు ఖాసింబీ బిడ్డ. కర్నూలులో ఏదో ప్రయోగశాలలో పని చేస్తుంది. ఒక ఆదివారం పొద్దున, ఆ ప్రయోగశాల పెద్ద డాక్టర్ హైమవతిని వెంటబెట్టుకుని వచ్చింది.

"తాతా, దూదిలో గింజ ఉంటే నీకెట్ల తెలుస్తుంది?"

"వినపడుతుంది."

"అదే, ఎట్ల వినపడుతుంది?"

మౌలాలి ఆలోచించాడు. అరవై ఏళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"నారి ముక్కుతుంది," అన్నాడు.

హైమవతి ఆ రెండు ముక్కలూ పుస్తకంలో రాసుకుంది. రాసుకుని, "మాక్కావలసింది అదే పెద్దాయనా, ఆ ముక్కడం" అంది.

*

ప్రయోగశాల అంటే ఏమో అనుకున్నాడు. తెల్లటి గది, గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఒకటి, పక్కన ఇనప్పెట్టె. ఆడమనిషి బోర్లా పడుకుని రొమ్మును ఆ నీళ్లలో ఆనించాలి. పెట్టె సన్నగా వణుకుతుంది. ఆ వణుకు రొమ్ములోకి పోయి తిరిగి వస్తుంది. తిరిగొచ్చిన దాన్ని మెల్లగా చేసి చెవికి వినిపిస్తుంది. ఆ పెట్టెను తయారుచేసింది హైమవతే, పద్నాలుగేళ్ల కష్టం.

షమీమ్ ఒక ఎక్సరే ఫిల్మును దీపం మీద పెట్టింది.

"చూడు తాతా. కొందరికి లోపల కొవ్వు ఎక్కువ ఉంటుంది. అది ఫిల్ములో నల్లగా పడుతుంది. గడ్డ ఉంటే తెల్లగా, చుక్క మాదిరి తెలిసిపోతుంది. ఇంకొందరికి లోపలంతా బిగుతు కండ. చేత్తో పట్టి చూస్తే తెలీదు ఆ బిగుతు. ఫిల్ముకే తెలుస్తుంది. అది కూడా తెల్లగానే పడుతుంది. తెల్లదాంట్లో తెల్లది. ఇంగ యాడని వెతుకుతావు?"

మౌలాలి ఆ ఫిల్ము వంక చూశాడు. అచ్చం ఏకి ఆరబోసిన దూది.

ఇట్లాంటిదే ఇంకో ఫిల్ము ఆయన చూశాడు. ఇరవై నాలుగేళ్ల కిందట, పెద్ద ఊరి ఆసుపత్రిలో. పీరమ్మకు రొమ్ములో ఏదో పోటు. ఫిల్ము తీశారు. చూసినాయన, "అంతా తెల్లగా ఉందమ్మా, ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు, ఆర్నెల్లకు మళ్లీ రండి" అన్నాడు. ఏమీ కనపడలేదన్న మాట వాళ్ల చెవికి ఆనలేదు. తెల్లగా ఉందన్న మాటే ఆనింది. దూదేకులవాళ్ల ఇంట్లో తెల్లనిదాన్ని మించిన మంచిది లేదు. గింజ లేనిది, చెత్త లేనిది, మొదటి రకం దూది తెల్లగా ఉంటుంది.

"తెల్లగా ఉందంట!" అని పీరమ్మ బస్టాండు దాకా నవ్వుతూనే వచ్చింది. జిలేబి తిన్నారు. ఆర్నెల్లకు మళ్లీ పోనేలేదు. మంచి దూదిని మళ్లీ ఎవరేకుతారు?

రెండేళ్లకు పీరమ్మ పోయాక అందరూ తలా ఒకటన్నారు. దూది దుమ్మన్నారు. దిష్టన్నారు. మౌలాలి దుమ్మునే నమ్మాడు. తన విల్లు లేపిన దుమ్మే ఆమెను తినేసిందనుకుంటూ ఇరవై రెండేళ్లు ఆ నమ్మకాన్ని నోట్లో బిగబట్టుకుని ఉన్నాడు.

"దుమ్ముతో వస్తుందా?" అని అడిగాడు, ఫిల్ము మీంచి కళ్లు తీయకుండా.

షమీమ్‌కు అర్థమయింది. "దుమ్ము కాదు తాతా. వయసు, తల్లికీ అక్కకూ ఉండడం, చిన్నప్పుడే పెద్దమనిషి కావడం, వంటి బరువు, ఇట్లాంటివి చానా ఉండాయి. ఈ బిగుతు వాటిల్లో ఒకటి. గడ్డను దాచడమే కాదు, గడ్డ వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. దుమ్ముతో వచ్చిందని మేం యాడా చదవలేదు."

మౌలాలి తలాడించాడు. పైతువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"యాడ కూర్చోవల్ల?" అన్నాడు.

*

మూడు నెలలు కూర్చున్నాడు. చెవులకు పెద్ద తొడుగులు, ఒళ్లో విల్లు, చేతిలో గూటం, మొహం గోడవైపు. "పేర్లు నాకొద్దు," అని మొదటిరోజే చెప్పాడు. నంబర్లు కూడా వద్దన్నాడు. పరాయి ఆడవాళ్ల వొంటి చప్పుడు వింటున్నాననే మాట మరిచిపోవడానికి గోడ ఒక్కటే దారి. దూది అనుకుని విన్నాడు.

అనుకోవడమెందుకు, దూదే అది. వయసు మళ్లినవాళ్లది పాత పరుపు చప్పుడు, వదులుగా, పొడిగా. పడుచువాళ్లది, బిగుతువాళ్లది కొత్త దూది చప్పుడు, నారిని పట్టి లాగుతున్నట్టు. గింజ వినపడగానే గూటంతో నారిని కొట్టేవాడు. 'టంయ్'. ఆ దెబ్బను కంప్యూటర్ రాసుకునేది. కొట్టకపోతే అదీ రాసుకునేది. పదకొండు వందల మందిని విన్నాడు. వీళ్లలో జబ్బున్నట్టు ముందే తెలిసినవాళ్లను రెండు వందల మందిని హైమవతి చెప్పకుండా కలిపింది. నూట తొంభై ఆరుగురికి దెబ్బ పడింది.

"ఏ యంత్రానికీ ఇది చేతకాలేదు పెద్దాయనా," అంది హైమవతి. ఆ రోజు ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

యంత్రం ఆయన దెబ్బల్ని నేర్చుకుంది. తర్వాత ఆయన అక్కర్లేకుండానే వినసాగింది. గింజ దొరికితే ఆయన విల్లు చప్పుడే వినిపించేట్టు షమీమ్ సరదాగా అమర్చింది. ఆ సంగతి తెలిసి మౌలాలి ఆ వారమంతా గడ్డం నున్నగా గీసుకున్నాడు.

*

మొదటి శిబిరం ఆదోనిలోనే పెట్టారు. మూతపడ్డ జిన్నింగు మిల్లు షెడ్డులో. దూలాల మీద ఏనాటిదో దూది పీచు ఇంకా వేలాడుతోంది. ఈ షెడ్డు గుమ్మంలోనే పీరమ్మ కూర్చుని, మిల్లు వదిలేసిన పత్తిలోంచి గింజలు ఒలిచేది. వేళ్లు ఒలుస్తుంటే నోరు పాడేది.

ఆడవాళ్లు వరసకట్టారు. గుడ్డ తెర వెనక పోయి వస్తున్నారు.

"ఏమక్కా, పరుపు ఏకినారా?"

"ఏకలేదే. టంయ్ మనలేదు. నీది వదులుగా ఉంటుందిలే, పో."

"నోర్ముయ్, ముసలాయన బయటే ఉండాడు!"

ఖాసింబీ ఆ వరసలో ఉంది. నలభై ఏడేళ్లు. బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది, తల్లి నోరే వచ్చింది. తల్లి ఫిల్ము మాదిరే ఆమె ఫిల్మూ తెలుపే. తల్లికి వచ్చింది, నీకు బిగుతు ఉంది, పదకొండో ఏటే పెద్దమనిషివయ్యావు, పెద్ద స్కాను చేయించుకోవాల్సిందే అని కర్నూలు డాక్టరు శుక్రవారానికి తేదీ రాసిచ్చింది. ఆ స్కాను అంటే ఖాసింబీకి గుండెదడ. గొట్టంలోకి తోసి అరగంట కదలొద్దంటారట.

తెర వెనకనుంచి నవ్వుకుంటూ వచ్చింది. చేతిలో 'ఏమీ లేదు' అన్న చీటీ.

"నాయనా! నీ విల్లు గమ్మునుండాది. నువ్వెట్లో అదీ అట్లే."

"స్కాను?" అన్నాడు మౌలాలి.

"అప్పుడే ఫోన్ చేసి వద్దన్నా. మా నాయన చెవి కంటే పెద్ద స్కానా అది? ఆ కర్నూలు డాక్టరమ్మ కూడా యంత్రం చెప్తే సరేలే అనింది."

మౌలాలి ఇంటికి పోయేటప్పుడు జిలేబి కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఇంటికి పోయి పొట్లం విప్పేదాకా ఆయనకు తట్టలేదు. తట్టాక తినలేకపోయాడు.

*

మరుసటి రోజు షెడ్డుకు పోతే షమీమ్ పిలిచి తొడుగులు చేతికిచ్చింది. "ఎవరో ఏమో నీకక్కర్లేదు, విను తాతా. నీ మాదిరే చెప్తాదో లేదో చూడు."

విన్నాడు. పాత పరుపు. యంత్రం 'టంయ్' మంది, సరిగ్గా ఆయన కొట్టవలసిన చోటే. ఇంకొకటి. గింజ లేదు, యంత్రమూ పలకలేదు. మూడోది కొత్త దూది. బిగుతుగా, తేమగా, నారిని పట్టుకుంటోంది. దాని నడుమ ఒక్కటి ముక్కింది. చిన్నది. స్పష్టంగా ముక్కింది.

యంత్రం పలకలేదు.

మౌలాలి తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అదీ లేవలేదు.

లేవదు. ఎందుకు లేస్తుంది? ఆ చేతికి పన్నెండో ఏట నాయన నేర్పిన పాఠం అది. పెళ్లి పరుపుకు కొత్త దూది ఏకేటప్పుడు ఒక్క గింజ వదలాలి. గింజ లేని దూది గొడ్డుదూది. కొత్త కోడలి ఒడి నిండాలంటే పరుపులో ఒక్క గింజ ఉండాలి. ఆ గింజ వినపడినా చెయ్యి ఆగకూడదు, నోరు మెదపకూడదు, మెదిపితే దిష్టి. రెండో గింజ వినపడితే తీసెయ్యి. మొదటిది వదిలెయ్యి. ఆ చేత్తో వెయ్యి పెళ్లి పరుపులు ఏకాడు. వెయ్యిసార్లు మొదటి గింజను విని విననట్టు పోనిచ్చాడు. అది నేర్చుకున్నట్టు కూడా ఆయనకు గుర్తులేదు. ఊపిరి పీల్చడం ఎవరికి గుర్తుంటుంది?

తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు.

"డాక్టరమ్మను పిలువు," అన్నాడు.

హైమవతి వచ్చింది. మౌలాలి జన్మలో మాట్లాడనంత మాట్లాడాడు. పెళ్లి పరుపు సంగతి, నాయన మాట, చెయ్యి సంగతి, అన్నీ. చెప్పి, "ముసలోళ్లకు సరిగ్గా కొట్టినా. బిగుతువాళ్లకు ఒక్క గింజే ఉంటే కొట్టలా. యంత్రం నా చెయ్యినే నేర్చుకుంది. ఈ చీటీలు చెల్లవమ్మా" అన్నాడు.

హైమవతి కాగితాలు తిరగేసింది. జబ్బు ముందే తెలిసిన ఆ రెండు వందల మందిలో పడుచువాళ్లూ బిగుతువాళ్లూ కలిసి పదకొండు మందే. వాళ్లందరికీ జబ్బు ముదిరి అప్పటికే రెండు మూడు గడ్డలయ్యాయి. ఒంటి గింజ ఒక్కరికీ లేదు. పద్నాలుగేళ్ల కష్టం ఆ పదకొండు మంది దగ్గర కుంగిపోయింది.

"నూట ముప్పై ఆరు మందికి ఏమీ లేదని రాసిచ్చాం," అంది మెల్లగా.

"నాది తప్పు."

"సగం నాది పెద్దాయనా. మీరు ఎప్పుడు కొడతారో రాసుకున్నాను. ఎప్పుడు కొట్టరో అడగలేదు."

ఆ మధ్యాహ్నమే తెర విప్పేశారు. నూట ముప్పై ఆరు మందికీ కబురు పెట్టారు. ఖాసింబీ స్కానుకు ఫోన్ చేసింది. శుక్రవారం తేదీ ఇంకెవరికో పోయింది. మళ్లీ తేదీ మూడు నెలలకన్నారు. గట్టి అనుమానమని డాక్టరు రాసిస్తే తప్ప ముందు రాదన్నారు.

"పోనీలే నాయనా, మూడు నెలలే కదా," అంది ఖాసింబీ. ఈసారి నవ్వలేదు.

మౌలాలికి ఆర్నెల్లు గుర్తొచ్చాయి.

*

దాచిపెట్టిన చప్పుళ్లలో పదకొండు వందల మందినీ మళ్లీ వినాలి. కూర్చున్నాడు. విన్నాడు. కొత్త దూది వచ్చింది, గింజ ముక్కింది, చెయ్యి లేవలేదు. పళ్లు బిగించాడు. ఇంకొకటి. చెవి అంది, చెయ్యి విననంది. కొట్టాలని అనుకుని కొట్టేలోపు చప్పుడు దాటిపోతోంది. ఒకసారి భయపడి గింజ లేని చోట కొట్టాడు. షమీమ్ ఆ దెబ్బను కంప్యూటర్లో చెరిపేసింది. ఆ చెరపడమే ఆయనకు గుచ్చుకుంది.

రెండో రోజూ అంతే.

మూడో రోజు పోలేదు. ఇంట్లో అటక మీంచి పరుపు దింపాడు. ఎర్రచారల గుడ్డ వెలిసి మట్టిరంగయింది. దూదేకులవాళ్లలో పెళ్లికొడుకు తన పెళ్లి పరుపు తానే ఏకాలి. యాభై రెండేళ్ల కిందట ఇరవై నాలుగేళ్ల మౌలాలి ఏకిన పరుపు అది. పరాయి దూది వెయ్యిసార్లు మళ్లీ ఏకాడు గానీ, దీన్ని ఒక్కసారీ విప్పలేదు. "గట్టిపడి రాయి అయింది, ఏకు" అని పీరమ్మ పోరేది. "ఊరందరి పరుపులు మెత్తన, నాది మాత్రం బండ!" అనేది. ఆయన పలికేవాడు కాదు. విప్పితే ఆ గింజ తియ్యాల్సి వస్తుందని చెప్పేవాడు కాదు.

కత్తెరతో కుట్టు విప్పుతుంటే ఖాసింబీ వచ్చి చూసి కెవ్వుమంది.

"ఏం పని నాయనా ఇది! అమ్మ పడుకున్న పరుపు! దాని మీదనే నన్ను కన్నింది! దాని మీదనే..."

"పట్టుకో," అన్నాడు మౌలాలి, గుడ్డ రెండో కొసను అందిస్తూ.

ఆమె పట్టుకుంది. దూది బయటికొచ్చింది. పైన పసుపు, లోపల ఇంకా తెలుపు. పీరమ్మ తలనూనె వాసన వచ్చిందో, వచ్చిందని అనుకున్నాడో. విల్లు వేలాడదీసి, నారి బిగించి, గూటం ఎత్తాడు.

టంయ్. టంయ్. టంయ్.

దూది లేచింది. ఇల్లంతా మంచు మాదిరి నిండింది. ఖాసింబీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది, అచ్చం తల్లి నిలబడే చోటే. మౌలాలి ఏకుతున్నాడు. వీధిలో పీరమ్మ కేక వినపడింది. ఆమె పాట వినపడింది. బస్టాండు దాకా నవ్వు వినపడింది. అన్నిటి కిందా, సన్నగా, నారి ముక్కింది.

చెయ్యి ముందుకు పోబోయింది.

ఆపాడు. ఒళ్లంతా బిగబట్టి ఆపాడు. అరవై ఏళ్ల అలవాటు మణికట్టును ముందుకు లాగింది. గూటం కింద పెట్టి, దూదిలో వేలు దూర్చి, గింజను పైకి తీశాడు. ఎండి నల్లబడింది. పీచు ఇంకా అంటుకునే ఉంది.

దూదిని మళ్లీ కుప్ప చేశాడు. గింజను మళ్లీ అందులో వేశాడు. మళ్లీ ఏకాడు. మళ్లీ వినపడింది, మళ్లీ ఆగాడు, మళ్లీ తీశాడు. పొద్దు వాలేదాకా అదే పని. ఎన్నోసారికో ఏమో, ఆపాలని అనుకోకముందే చెయ్యి దానంతట అదే ఆగింది. మొదటి గింజను పోనివ్వడం ఆ చెయ్యి మరిచిపోయింది.

*

మరుసటి రోజు ప్రయోగశాలలో కొత్త దూది వచ్చినప్పుడల్లా మౌలాలి విల్లు పలికింది. పదకొండు వందల మందినీ పదిహేను రోజుల్లో విన్నాడు. యంత్రం మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. ఈసారి హైమవతి ఒంటి గడ్డ ఉన్న బిగుతువాళ్లను ఊరూరూ వెతికి పట్టుకొచ్చి మరీ పరీక్షించింది.

ఆదోని శిబిరంలో దాచిన చప్పుళ్లను యంత్రానికి మళ్లీ వినిపించారు. మౌలాలి గోడవైపు తిరిగే కూర్చున్నాడు. నూట ముప్పై ఆరింటిలో నాలుగుసార్లు 'టంయ్' మంది. మూడోసారి మోగినప్పుడు వెనక షమీమ్ కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత ఆమె ఊపిరి ఆగిన చప్పుడు. నంబరు ఎవరూ చెప్పలేదు. మౌలాలి అడగలేదు. గోడవైపే చూస్తూ, చెయ్యి వెనక్కి చాచాడు. మనవరాలు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

నాలుగో రోజునే ఖాసింబీకి స్కాను దొరికింది. గడ్డ జొన్నగింజంత. చంకలోకి పాకలేదు. "ఆర్నెల్లు ఆగి ఉంటే వేరే మాట మాట్లాడేవాళ్లం," అని ఆపరేషను చేసినామె అంది.

ఖాసింబీ ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రోజు, చంక కింద ఆనించుకోవడానికి మౌలాలి ఒక చిన్న మెత్త కుట్టిచ్చాడు. ఆ పరుపు దూదే. నాలుగుసార్లు ఏకాడు. మిగిలిన దూదితో పరుపు మళ్లీ కుట్టి అటక ఎక్కించకుండా కూతురి మంచం మీద పరిచాడు.

ఆమె మెత్తను నొక్కి చూసుకుంది. చెంపకు ఆనించుకుంది.

"ఇంత మెత్తనా! అమ్మ ఉండి ఉంటే నిన్ను తిట్టి చంపును. గొడ్డు చాకిరీ చేసినా నాకు బండ, దానికి మాత్రం వెన్న అని."

మౌలాలి నవ్వాడు. చప్పుడు లేకుండా.

"ఈసారి గింజ వదల్లేదు కదా నాయనా?"

"లేదు."

"మరి ఆ గింజ ఏమయింది? పారేసినావా?"

మౌలాలి లేచి విల్లును గోడకు తగిలించాడు. నారి వదులు చేసి తుడిచాడు. ఇంక జవాబు రాదనుకుని ఖాసింబీ కళ్లు మూసుకుంది.

"మీ అమ్మది. నా కాడుంది," అన్నాడు ఆయన, చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని.